బడికి 25,000 రూపాయల పుస్తకాలు: ఏవి కొనాలి, ఎలా చదివించాలి

మాస్టారూ, మీరు ఒక్క ప్రశ్నగా అడిగారు గానీ అందులో మూడు ఉన్నాయి. రాజోలు దగ్గర లంక ఊరి ప్రాథమికోన్నత పాఠశాలకు కొత్తగా వచ్చారు. పూర్వ విద్యార్థులు 25,000 రూపాయలు చేతిలో పెట్టి 110 మంది పిల్లలకు పుస్తకాలు కొనమన్నారు. ఏవి కొనాలి? ఇంగ్లీషు మీడియంలో రెండో తరగతి చదువుతున్న మీ అమ్మాయి తెలుగు పుస్తకం ముట్టుకోవడం లేదు. తనకేమివ్వాలి? రామాలయం అరుగు మీద పేపరు చదువుకునే పెద్దవాళ్లు తమకూ ఒక మంచి పుస్తకం చెప్పమంటున్నారు. వాళ్లకేం చెప్పాలి?

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. డబ్బంతా ఒకేసారి ఖర్చు పెట్టకండి. ఇప్పుడు 10,000కు కొనండి. అందులో సగానికి పైగా 16, 24 పుటల సన్నని బొమ్మల పుస్తకాలే ఉండాలి. బాగుంటుందని మీకు గట్టిగా అనిపించిన వాటిని నాలుగేసి ప్రతులు తీసుకోండి. మూడు నెలల పాటు పిల్లలు వేటి కోసం పోట్లాడుకుంటున్నారో చూసి మిగతా 15,000 ఖర్చు పెట్టండి. రెండో మాట ఇంకా ముఖ్యం. మీరు చదవని పుస్తకం ఏదీ పిల్లల చేతిలో పెట్టకండి. బయటి నుంచి వచ్చిన జాబితాను (నాదైనా సరే) అలాగే పట్టుకెళ్లి కొనకండి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మొదట్లో నేను సరిగ్గా దీనికి విరుద్ధంగా చేశాను. 1989 నుంచి 2020 వరకు గోదావరి డెల్టాలో తెలుగు చెప్పాను. అందులో 26 ఏళ్లు బడి పుస్తకాల బీరువా నా చేతిలోనే ఉంది. 1994లో మొదటిసారి పుస్తకాలకు డబ్బు వస్తే మహనీయుల జీవిత చరిత్రలు, నీతికథల సంపుటాలు, అన్నీ గట్టి అట్టలవి, ఏరికోరి కొన్నాను. నంబర్లు వేసి, రిజిస్టరు రాసి, తాళం వేశాను. అడిగిన పిల్లలకు ఇచ్చేదాన్ని. అడిగేవాళ్లు తక్కువ. పల్లెటూరి పిల్లలకు చదువు మీద ఆసక్తి లేదని అప్పట్లో నమ్మాను కూడా.

1996 నవంబరు 6 రాత్రి తుపాను వచ్చింది. కోనసీమలో ఆ రాత్రి ఎలా గడిచిందో మీ ఊరి పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. మనుషులు పోయిన ఇళ్లు, పైకప్పు పోయిన ఇళ్లు, నేలకొరిగిన కొబ్బరి తోటలు. బడి పెంకులు ఎగిరిపోయి బీరువా బోర్లా పడింది. ఎండ వచ్చాక పుస్తకాలన్నీ వరండాలో పరిచాను. ఇంటి దగ్గర నిలువ నీడ లేని పిల్లలు పొద్దున్నే బడికి వచ్చేసేవారు. వాళ్లకు తలా ఒక కొబ్బరి ఈనె ఇచ్చి, అతుక్కున్న పుటలను చిరగకుండా విడదీయమన్నాను. నా గట్టి అట్టల పుస్తకాలను శ్రద్ధగా, మాట్లాడకుండా విడదీశారు. కింది అరలో ఎవరో దానంగా ఇచ్చిన పాత చందమామల కట్ట ఒకటి ఉంది. దాన్ని నేనెప్పుడూ రిజిస్టరులోకి ఎక్కించలేదు. అక్కడికి వచ్చేసరికి ఈనెలు ఆగిపోయాయి. ఒక్క పుట మీద మూడు తలలు వంగాయి. ఐదో తరగతి అమ్మాయి ఒకతె బేతాళ కథ చివరి దాకా చదివింది. విక్రమార్కుడి సమాధానం ఉన్న పుట మాత్రం కింది పుటకు అతుక్కుపోయి ఊడి రావడం లేదు. "టీచరుగారూ, రాజు ఏం చెప్పాడో మీకు తెలుసా?" అని వరండా ఆ చివరి నుంచి అరిచింది. నాకు గుర్తు లేదు. అప్పుడు పిల్లలే రాజు ఏం చెప్పి ఉంటాడని వాదించుకోవడం మొదలుపెట్టారు. ఆ వాదన అరగంట సాగింది.

ఆ పిల్లలు ఎలా తయారవ్వాలని నేను కోరుకున్నానో దానికి తగ్గ పుస్తకాలు కొన్నాను. వాళ్లు దేని కోసం పుట తిప్పుతారో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

చందమామ కథలు ఇప్పటికీ ఎందుకు పని చేస్తాయి? 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు ఆ పత్రికను మొదలుపెట్టారు. తర్వాత దాదాపు మూడు దశాబ్దాలు కొడవటిగంటి కుటుంబరావు గారి చేతి మీదుగా నడిచింది. ఆ కథల వాక్యాలు చూడండి. చిన్నవి, ఆడంబరం లేనివి. "ఒక ఊళ్లో" అనగానే రెండో వాక్యానికల్లా ఏదో జరుగుతుంది. వర్ణనల కోసం కథ ఆగదు. చదవడం అప్పుడే కుదురుకుంటున్న పిల్లకు అంతకు మించిన మేలు లేదు. పత్రిక ఆగిపోయి చాలా ఏళ్లయింది గానీ ఆ కథల సంపుటాలు, పాత సంచికలు దొరుకుతున్నాయి. తరగతిలో బేతాళ కథ చదివితే ప్రశ్న దగ్గర పుస్తకం మూసేయండి. సమాధానాలు ముందు పిల్లల చేత చెప్పించి, నల్లబల్ల మీద రాసి, రాజు సమాధానం మర్నాడు చదవండి. ఆ రోజు మధ్యాహ్న భోజనం దగ్గర మాటలన్నీ దాని గురించే ఉంటాయి. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. పాత కథల్లో ఆడపిల్లను బహుమానంగా ఇచ్చేయడం, తక్కువ కులమని తీసిపారేయడం లాంటివి వస్తాయి. ఆ కథను దాచేయనక్కర్లేదు. చదివాక "ఆ అమ్మాయిని ఎవరైనా అడిగారా?" అని ఒక్క ప్రశ్న వేయండి, చాలు.

ఇక వయసు చూసి పుస్తకం ఇవ్వకండి, చదివే స్థాయి చూసి ఇవ్వండి. తెలుగులో ఈ చిక్కు మరీ ఎక్కువ. అక్షరాలు, గుణింతాలు వచ్చిన పిల్లలు ఒత్తుల దగ్గర కూలబడతారు. "అమ్మ", "అక్క" చదువుతారు. "ఆశ్చర్యం" దగ్గర ఆగిపోతారు. అందుకే పుస్తకం మధ్యలో ఒక పుట తెరిచి బిడ్డను గట్టిగా చదవమంటాను. తడబడిన ప్రతి మాటకూ ఒక వేలు ముడుస్తాను. పుట పూర్తయ్యేలోగా ఐదు వేళ్లూ ముడుచుకుంటే ఆ పుస్తకం ఇప్పటికి బరువు. అలాగని దాన్ని లాక్కోకూడదు. "ఇది నేను నీకు చదివి వినిపిస్తాను, ఇంకొకటి నువ్వు చదువు" అనాలి.

ఒక సంగతి చెబుతాను. భీమవరం వైపు పనిచేసినప్పుడు ఆరో తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. తండ్రి రొయ్యల చెరువుల మీద కాపలా. చెరువు మారినప్పుడల్లా ఊరు మారేది, బడి మారేది. వాడికి రెండో తరగతి పుస్తకం ఇస్తే తీసుకోడు. చిన్నపిల్లలదని సిగ్గు. మర్నాడు పిలిచి, "ఒకటో తరగతి పిల్లలకు శుక్రవారం కథ చదివి వినిపించాలి, నాకు గొంతు బాగాలేదు, నువ్వు చేస్తావా?" అన్నాను. ఆ సన్నని పుస్తకాన్ని సంచిలో పెట్టుకుని వెళ్లాడు. చెరువు గట్టు మీద రాత్రి కాపలా గుడిసెలో, బల్బు వెలుతురులో నాలుగు రోజులు తండ్రికి చదివి వినిపించాడట. శుక్రవారం ఒక్క తడబాటు లేకుండా చదివాడు, బొమ్మలు కూడా తిప్పి చూపించాడు. ఆ తర్వాత ప్రతి శుక్రవారమూ వాడిదే.

అదే అబ్బాయి సంక్రాంతి దాటాక వచ్చి "రొయ్యల గురించి పుస్తకం ఉందా?" అని అడిగాడు. లేదు. "నువ్వు చెప్పు, రాద్దాం" అన్నాను. చెక్ ట్రే (మేత ఎంత తిన్నాయో చూసే పళ్లెం) నీళ్లలోంచి ఎత్తి, మిగిలిన మేత చూసి రేపటి మేత ఎంత వేయాలో ఎలా తేలుస్తారో, తెల్లవారుజామున రొయ్యలు పైకి తేలుతున్నాయంటే నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ తిప్పడానికి ఎలా పరిగెత్తాలో, వాడు చెప్పాడు, ఇంకొకడు బొమ్మలు వేశాడు. 12 పుటలు, మధ్యలో రెండు పిన్నులు, అట్టకు పాత క్యాలెండరు. ఆ ఏడాది రిజిస్టరులో అన్నిటికన్నా ఎక్కువసార్లు ఇంటికి వెళ్లిన పుస్తకం అదే. మీ 25,000లో ఒక 500 తెల్ల కాగితాలకు, స్కెచ్ పెన్నులకు ఉంచండి. లేసు అల్లడం, కొబ్బరి దింపు, పడవ నడపడం, నర్సరీలో అంటు కట్టడం, ఇవేవీ మీకు బజారులో పిల్లల పుస్తకాలుగా దొరకవు.

ఇప్పుడు పేర్లు.

1, 2 తరగతులకు ప్రథమ్ బుక్స్ వారి సన్నని పుస్తకాలతో మొదలుపెట్టండి. వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైటులో కథలు స్థాయిల వారీగా ఉంటాయి. తెలుగులో చాలా ఉన్నాయి, ఉచితంగా దించుకుని ముద్రించుకోవచ్చు, అనుమతి అడగనక్కర్లేదు. ఒడిశా నుంచి చెరువుల పనికి వచ్చిన కుటుంబాల పిల్లలు మీ బడిలో ఉంటే, అదే కథ ఒడియాలో ఉందేమో వెతికి రెండూ పక్కపక్కన పెట్టండి. తరగతిలో ఒక్క మాట కూడా మాట్లాడని పిల్ల తన భాష కనిపించగానే నోరు విప్పడం నేను కళ్లారా చూశాను. వీటికి తోడు "చిట్టి చిలకమ్మా", "వానా వానా వల్లప్పా" లాంటి పాటలు పెద్ద అక్షరాలతో చార్టు మీద రాసి గోడకు అంటించండి. నోటికి వచ్చిన పాటను వేలితో తడుముతూ చదవడం మొదటి చదువు.

3 నుంచి 5 వరకు హైదరాబాదుకు చెందిన మంచి పుస్తకం సంస్థ ప్రచురణలు నాకు అన్నిటికన్నా ఎక్కువగా అక్కరకొచ్చాయి. తక్కువ ధర, మంచి బొమ్మలు, సాఫీ తెలుగు. ఒకప్పుడు మాస్కో నుంచి వచ్చిన పిల్లల పుస్తకాలను కూడా వాళ్లు మళ్లీ వేస్తున్నారు. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి లాంటి వాళ్లు మాస్కోలోనే ఉండి తెలుగు చేసిన రోజులవి. ఆ భాష అనువాదంలా తగలదు. నేషనల్ బుక్ ట్రస్ట్ వారి నెహ్రూ బాల పుస్తకాలయం వరుస కూడా చూడండి. అందులో కొన్ని పొడిగా ఉంటాయి కాబట్టి తెరిచి చదివి ఏరుకోవాలి. ఇక తెనాలి రామకృష్ణుడు, మర్యాద రామన్న, పరమానందయ్య శిష్యుల కథలు తప్పనిసరి. వీటిని మాత్రం రంగుల అట్ట చూసి కొనకండి. బస్టాండుల్లో దొరికే చాలా ప్రతుల్లో అచ్చుతప్పులు పుటకు పది ఉంటాయి. చదవడం నేర్చుకునే పిల్లకు అచ్చుతప్పు రాయి తగిలినట్టే, తప్పు తనదే అనుకుంటుంది.

6 నుంచి 8 వరకు కాస్త మనసు పెట్టి ఎంచాలి. సోమరాజు సుశీల గారి "ఇల్లేరమ్మ కథలు" ఆడపిల్లలు ఎగబడి చదువుతారు. మగపిల్లలు వాళ్ల దగ్గర్నుంచి తీసుకుని చదువుతారు. ప్రేమ్‌చంద్ "ఈద్గా" కథ తరగతిలో గట్టిగా చదవండి. పండుగ రోజు తోటివాళ్లంతా బొమ్మలు, మిఠాయిలు కొనుక్కుంటుంటే, హామిద్ తన దగ్గరున్న మూడు పైసలతో అవ్వ చేతులు పెనం దగ్గర కాలకుండా పట్టకారు కొంటాడు. చదివాక, అంతర్వేది తీర్థంలో మీరైతే ఇంట్లో ఎవరికి ఏం కొంటారని అడిగాను. ఒక అమ్మాయి చాలాసేపు ఆలోచించి, "మా అమ్మ రోజంతా కొబ్బరి ఈనెలు చీరుతుంది. ఈ వేలికి తొడుక్కునేది ఏదైనా" అని తన చూపుడు వేలు పైకెత్తి చూపించింది. ఆ పిల్ల వేలి మీద కూడా గాట్లున్నాయి.

మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న గారి "పాలేరు" నాటకం మీ బడిలో ఉండి తీరాలి. మీ ఊరికి అది పక్క ఊరే. పాలేరుగా బతకాల్సిన కుర్రవాడు చదువుకుని పైకి రావడం దాని కథ. నాటకం కాబట్టి తలా ఒక పాత్ర ఇచ్చి చదివించవచ్చు. నాలుగు ప్రతులు కావాలన్నది ఇలాంటి వాటి కోసమే. కూలి ఇళ్ల పిల్లలు తమ తాతల మాటను పుస్తకంలో చూసుకున్నప్పుడు కూర్చునే తీరే మారుతుంది. అయితే పాత్రలు పంచేటప్పుడు జాగ్రత్త, మాస్టారూ. పాలేరు పాత్రను ఏ పిల్లవాడికి ఇస్తున్నారో, ఎందుకిస్తున్నారో తరగతి మొత్తం గమనిస్తుంది. నేను చీట్లు వేసి పంచేదాన్ని.

"బుడుగు" గురించి చాలామంది అడుగుతారు. ధవళేశ్వరంలో పుట్టిన ముళ్లపూడి వెంకటరమణ గారు రాసి, నరసాపురంలో పుట్టిన బాపు గారు బొమ్మలు వేసిన పుస్తకం. మన నీళ్ల పుస్తకం. కానీ అది పిల్లవాడి గొంతుతో పెద్దవాళ్ల కోసం రాసిన హాస్యం. చిన్నపిల్లలకు ఒంటరిగా చదువుకోమని ఇస్తే సగం దూరం కూడా వెళ్లరు. మీరు గొంతు మార్చి చదివి వినిపించండి, అప్పుడు చూడండి నవ్వులు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు గారి చిన్ననాటి కథలు కూడా అంతే. చిత్తూరు మాట మన పిల్లల కంటికి కొత్త, చెవికి మాత్రం ఇట్టే పట్టుకుంటుంది.

సైన్సుకు జన విజ్ఞాన వేదిక వారి "చెకుముకి" మాసపత్రిక తెప్పించండి. నెలనెలా కొత్తది వస్తుందన్న ఎదురుచూపే పిల్లలను బీరువా దగ్గరికి రప్పిస్తుంది. అరవింద్ గుప్తా గారి చెత్తతో బొమ్మల ప్రయోగాలు ఆయన వెబ్‌సైటులో ఉచితంగా ఉన్నాయి, తెలుగులోనూ ఉన్నాయి. లెక్కల మాస్టారు కలిసొస్తే మరీ మంచిది. మా బడిలో ఆయన చదరంగం బల్ల తెచ్చి, మొదటి గడిలో ఒక వడ్లగింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా రెట్టింపు చేస్తూ పొమ్మన్నారు. ఏడో తరగతి పిల్లలు మిల్లుకు వెళ్లి వెయ్యి గింజలు లెక్కపెట్టి తూయిస్తే 21 గ్రాములు వచ్చాయి. 21వ గడికి గింజలు పది లక్షలు దాటాయి, బరువు 22 కిలోలు. 31వ గడికి 75 కిలోల బస్తాలు 300. ఒక పిల్లవాడు లేచి "అది మా వీధిలో పదెకరాల సార్వా పంటండీ" అన్నాడు. 64 గడులూ నిండేసరికి మొత్తం 20 అంకెల సంఖ్య అవుతుంది. ఆ వారమే ఎనిమిదో తరగతికి శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి "వడ్లగింజలు" వినిపించాను. చదరంగం చుట్టూ తిరిగే ఆ పెద్ద కథను ఐదు రోజులు విన్నారు.

మీ కోసం రెండు పుస్తకాలు. టెట్సుకో కురొయనాగి "టోటోచాన్" తెలుగులో "రైలుబడి"గా వచ్చింది. బడిలో చేరిన మొదటి రోజు ఆ ప్రధానోపాధ్యాయుడు ఒక చిన్నపిల్ల మాటలను నాలుగు గంటలు విన్న ఘట్టం ఏటా జూన్‌లో మళ్లీ చదువుకుంటాను. రెండోది చింగీజ్ ఐత్మాతోవ్ "తొలి ఉపాధ్యాయుడు". తనకే అంతంత మాత్రం చదువున్న యువకుడు ఊరి గుర్రపుశాలను బడిగా మార్చి, చలికాలంలో పిల్లలను వీపు మీద వాగు దాటిస్తాడు. వరద రోజుల్లో పడవ దిగే పిల్లల చేయి పట్టుకునే మనకు ఆ పుట వేరుగా కనిపిస్తుంది. ఆ కథలో ఒక బాలిక మీద జరిగే దారుణం ఉంది. అందుకే అది పెద్దల కోసం, పిల్లల అరలో పెట్టకండి.

ఇక మీ అమ్మాయి సంగతి. ఏడేళ్ల పిల్ల ఇంగ్లీషు గలగలా చదువుతూ తెలుగు వద్దంటోందంటే భాష మీద అయిష్టమేమీ లేదు. ఒక భాషలో పరిగెత్తగలిగి ఇంకో భాషలో పాకాల్సి రావడం తనకు చిన్నతనంగా ఉంటుంది. ఆరు నెలల పాటు తెలుగు చదవమని అడగనే వద్దు. రాత్రి పడుకునే ముందు పావుగంట మీరో, వాళ్ల అమ్మగారో, ఉంటే నాయనమ్మో చదివి వినిపించండి. వేలు అక్షరాల కింద నడవాలి, అంతే. తూలిక ప్రచురణ సంస్థ వారి రెండు భాషల పుస్తకాల్లో ఇంగ్లీషు, తెలుగు ఒకే పుటలో ఉంటాయి. కథ ముందే తెలుసు కాబట్టి తెలుగు వాక్యం భయపెట్టదు. మా మనవరాలికి ఇదే చేశాను. నాలుగో నెలలో ఒక రాత్రి నేను కావాలని ఒక మాట తప్పు చదివితే, "అలా లేదు అమ్మమ్మా" అని వేలు పెట్టి సరిదిద్దింది. మెచ్చుకోలు, చప్పట్లు ఏమీ లేకుండా తర్వాతి వాక్యానికి వెళ్లిపోయాను. మీరూ అలాగే వెళ్లిపోండి. పరీక్ష పెడుతున్నారని పసిగడితే వెనక్కి తగ్గిపోతారు.

అరుగు మీది పెద్దవాళ్లకు ఒక్క కూర్చోవడంలో అయిపోయే కథ ఇవ్వండి. పేపరు చదివే అలవాటున్న మనిషికి 400 పుటల నవల ఇస్తే మొహమాటానికి తీసుకుని మంచం కింద పెడతారు. నేను పాలగుమ్మి పద్మరాజు గారి "గాలివాన"తో మొదలుపెడతాను. తణుకు ప్రాంతం వారు. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి పొందిన కథ అది. కొబ్బరి వ్యాపారం చేసే ఒక పెద్దాయనకు ఇచ్చాను. మర్నాడు తిరిగిచ్చేటప్పుడు కథ గురించి ఒక్క మాట అనలేదు. 96లో తాను ఆ రాత్రంతా కొబ్బరి మొద్దు పట్టుకుని ఎలా గడిపారో మొదటిసారి అందరి ముందు చెప్పారు. ఆ తర్వాత ఆయనే "పడవ ప్రయాణం" అడిగి తీసుకెళ్లారు.

అక్కడి నుంచి దారి తేలిక. నవ్వుకోవాలనే వాళ్లకు చిలకమర్తి "గణపతి", సొంత ఊరి మాట వినాలనే వాళ్లకు వంశీ "మా పసలపూడి కథలు", చిన్న నవల చాలనే వాళ్లకు కేశవరెడ్డి గారి "అతడు అడవిని జయించాడు". అది ఒక ముసలివాడు, ఒక సుక్క పంది, ఒకే ఒక్క రాత్రి. పెద్ద పుస్తకానికి సిద్ధమయ్యారని తోచినప్పుడు అలెక్స్ హేలీ "రూట్స్"కు సహవాసి తెలుగు చేసిన "ఏడు తరాలు".

ఆడవాళ్లను మరిచిపోకండి. మీరు అరుగు గురించే రాశారు, అరుగు మీద వాళ్లుండరు. నరసాపురం వైపు మా వీధిలో మధ్యాహ్నం పూట ఏడెనిమిది మంది ఒక వసారాలో లేసు అల్లుకునేవారు. చేతులు ఖాళీ ఉండవు, చెవులు ఖాళీ. ఒకరు చదివితే మిగతావాళ్లు అల్లుతూ వినడం అలవాటు చేశాం. చదివిన మనిషికి ఆ రోజు తగ్గిన పనిని మిగతావాళ్లు తలా కొంచెం అల్లి పూడ్చేవారు. శ్రీపాద వారి కథలు అక్కడే నాకు పూర్తిగా అర్థమయ్యాయి. ఆయన వాక్యం గట్టిగా చదివితేనే పలుకుతుంది. "గులాబీ అత్తరు" చివరికి వచ్చేసరికి లేసు సూదులన్నీ ఆగిపోయాయి.

డబ్బు చాలదనిపిస్తే ఒక దారి ఉంది. మీ పంచాయతీ వసూలు చేసే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా జిల్లా గ్రంథాలయ సంస్థకు వెళ్తుంది. అంటే మీ ఊరి వాళ్లు ఇప్పటికే పుస్తకాలకు డబ్బు కడుతున్నారు. దగ్గరి శాఖా గ్రంథాలయానికి వెళ్లి మీ ఊరికి పుస్తక నిక్షిప్త కేంద్రం (గ్రంథాలయం తన పుస్తకాలు కొన్ని ఊళ్లో ఉంచే చోటు) ఇస్తారేమో లిఖితపూర్వకంగా అడగండి. అడగడం మన హక్కు. గ్రంథాలయోద్యమానికి జీవితం ధారపోసిన అయ్యంకి వెంకటరమణయ్య గారు పుట్టింది మన తూర్పు గోదావరి కొంకుదురులోనే. అటు కృష్ణా డెల్టాలో పాతూరి నాగభూషణం గారు 1935లో కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊరూరా తిప్పారు. మీ లంకకు రోజూ పడవ వస్తోంది కదా, ఒక ట్రంకు పెట్టె ఎక్కించడం ఎంత పని?

దాతలు "నీతి పుస్తకాలు కొనండి" అనీ, తల్లిదండ్రులు "కథలు చదివితే మార్కులు పోతాయి" అనీ అంటారు. దాతలను ఒక శుక్రవారం కథ వినడానికి పిలవండి. తల్లిదండ్రులకు, పిల్లవాడు లెక్కల పుస్తకంలో ప్రశ్నను ఎవరి సాయమూ లేకుండా చదివి అర్థం చేసుకోవడం చూపించండి. నేను ఇంతకన్నా ఎక్కువ వాదించలేదు.

చివరగా పుస్తకాలను కాపాడుకోవడం. మన డెల్టా గాలిలో తేమకు ఇనుప బీరువా చెమరుస్తుంది, బూజు పడుతుంది. గోడకు జానెడు దూరంలో, ఇటుకల మీద ఎత్తుగా పెట్టండి. కింది అర ఖాళీగా వదిలేయండి, వరద నీరు ముందు చేరేది అక్కడికే. ఎండిన వేపాకు గుడ్డ మూటలు కట్టి అరల్లో ఉంచి రెండు నెలలకోసారి మార్చండి. తొలకరికి ముందు ఒకసారి, కార్తీకంలో ఒకసారి అన్నిటినీ నీడలో ఆరబెట్టండి. ఆ పని పిల్లల చేతే చేయించండి, ఎవరి చేయి ఎక్కడ ఆగుతోందో పక్కన నిలబడి చూసి రాసుకోండి, రెండో విడత 15,000కు జాబితా అదే. తాళం చెవి మీ బల్ల సొరుగులో వద్దు. ఏడో తరగతి పిల్లల్లో ఇద్దరికి, నెలకు ఇద్దరి చొప్పున ఇవ్వండి.